మంగళవారం, పార్సిళ్ల కౌంటర్

పదిన్నర కాకముందే ఫోరెన్సిక్ ల్యాబు కౌంటర్ ముందు కానిస్టేబుళ్లు వరసకట్టారు. ఒకరి చేతిలో గుడ్డ సంచి, ఒకరి దగ్గర అట్టపెట్టె. ఇంకొకరు తెల్ల గుడ్డ చుట్టి లక్క వేసిన సీసాను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు. రాత్రి బస్సు దిగి తిన్నగా వచ్చినవాళ్లే ఎక్కువ. ఫోరెన్సిక్ ఉద్యోగమంటే మైక్రోస్కోపు ముందు కూర్చోవడమే అనుకునేవాళ్లకు ఈ కౌంటర్ సంగతి ఎవరూ చెప్పరు. కేసు నిలబడుతుందా, వీగిపోతుందా అన్నది చాలాసార్లు ఇక్కడే తెలిసిపోతుంది.

పార్సిల్ తీసుకునే ముందు చూసేవి కొన్నే. కవరింగ్ లెటర్లో క్రైం నంబరు, సెక్షన్లు, వస్తువుల జాబితా, ఏ పరీక్ష కావాలో అడిగే ప్రశ్నలు ఉండాలి. విడిగా ఒక కాగితం మీద నమూనా సీలు వేసి పంపాలి. పార్సిల్ మీది లక్క ముద్ర ఆ నమూనాతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఈ రోజు రెండు వెనక్కి వెళ్లాయి. ఒకదానికి నమూనా సీలు జతచేయలేదు. రెండోదాని లక్క పెళుసుబారి ముక్కలైంది. దారం విప్పి మళ్లీ కట్టినా ఎవరికీ తెలియని స్థితి. ఎవరూ విప్పలేదనే అనుకుందాం. కానీ డిఫెన్స్ లాయరు “విప్పే వీలుందా, లేదా?” అని ఒక్క ముక్క అడిగితే “ఉంది” అనక తప్పదు. లక్క పోయాల్సింది ముడి మీద. పక్కన పోసి ముద్ర వేస్తే అది అలంకారమే. దారం కొసలు కూడా లక్కలో మునగాలి.

పార్సిల్ వెనక్కి ఇచ్చినప్పుడు మోసుకొచ్చిన మనిషి మొహం చిన్నబోతుంది. తప్పు ఆయనది కాదు, మళ్లీ అంతదూరం తిరగాల్సింది మాత్రం ఆయనే.

బయాలజీ సెక్షన్‌లో తెరిచిన మొదటి పార్సిల్‌లో ఒక చొక్కా, పాలిథిన్ కవర్‌లో. కత్తిరించగానే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. తడి రక్తాన్ని ప్లాస్టిక్‌లో కడితే తేమ బయటికి పోదు. రెండు మూడు రోజుల్లో బూజు, బాక్టీరియా పెరిగి డీఎన్ఏను ముక్కలు ముక్కలు చేస్తాయి. బట్టను నీడలో, శుభ్రమైన తెల్ల కాగితం మీద పరిచి ఆరబెట్టాలి. ఎండలో వేయకూడదు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకూడదు. ఫ్యాను తిన్నగా దాని మీదికి తిప్పితే రాలాల్సిన వెంట్రుక ఎగిరి ఎటో పోతుంది. ఆరాక మరక ఉన్న భాగం ఇంకో భాగానికి అంటకుండా మడతల మధ్య కాగితం పెట్టి, ఒక్కో బట్టను ఒక్కో కాగితపు కవర్లో పెట్టాలి. కింద పరిచిన కాగితాన్ని కూడా మడిచి పంపాలి, రాలినవి దానిలోనే ఉంటాయి. నిందితుడి బట్టలు, చనిపోయిన మనిషి బట్టలు ఒకే బల్ల మీద ఆరబెట్టారని తెలిస్తే ఇక ఆ రక్తం గురించి ఎంత రాసినా దండగే.

మరక రక్తమా కాదా అన్నది ముందు చిన్న పరీక్షతో చూస్తారు. వడపోత కాగితాన్ని కోణంగా మడిచి కొసతో మరకను రుద్దాలి. దాని మీద ఒక చుక్క ఆల్కహాల్, ఒక చుక్క ఫినాల్ఫ్‌థలీన్ రియేజెంట్ వేసి కొన్ని సెకన్లు ఆగాలి. చివర్లో ఒక చుక్క 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ వరస తప్పకూడదు. పెరాక్సైడ్ పడకముందే గులాబీ రంగు వచ్చిందంటే అక్కడ వేరే ఆక్సీకరణ పదార్థం ఏదో ఉంది, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. పడిన వెంటనే వస్తే రక్తం కావచ్చు. అరనిమిషం దాటాక వచ్చిన రంగును పట్టించుకోరు, ఎందుకంటే గాలి తగిలినా ఆ రియేజెంట్ మెల్లగా గులాబీ అవుతుంది. ముల్లంగి లాంటి కూరగాయల్లో ఉండే పెరాక్సిడేజ్ ఎంజైము కూడా రంగు తెప్పించగలదు. కత్తిపీట మీది మరకను చూసేటప్పుడు ఇది మరవకూడదు.

రక్తమే అనుకున్నా అది మనిషిదో మేకదో తేలాలి. మనిషి హిమోగ్లోబిన్‌ను పట్టే స్ట్రిప్ ఉంది, గీత పడితే సరి. పడకపోతే కంగారుపడి నెగటివ్ అని రాసేయకూడదు. నమూనా మరీ చిక్కగా ఉన్నా గీత పడదు. నూరు రెట్లు పలచన చేసి మళ్లీ వేస్తే అదే నమూనాకు గీత వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు బోల్తాపడేది ఎక్కువగా ఇక్కడే.

నీలం జీన్స్ మరక డీఎన్ఏ ప్రొఫైల్ (మనిషిని గుర్తుపట్టే అంకెల వరస) ఈ రోజూ రాలేదు. డీఎన్ఏ లేక కాదు. డీఎన్ఏ ఎంతుందో కొలిచే క్వాంటిటేషన్‌లో మనం కలిపే లోపలి కంట్రోల్ (పరీక్ష సరిగా నడుస్తోందో చెప్పే తెలిసిన డీఎన్ఏ) కూడా ఆలస్యంగా వచ్చింది, అంటే బట్టకు వేసిన ఇండిగో రంగు డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌ను అడ్డుకుంటోంది. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం, రక్తంలోని హీమ్ కూడా ఇదే పని చేస్తాయి. పోల్చడానికి తీసే రక్తాన్ని గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబులో పంపినా ఇదే గొడవ. ఈడీటీఏ ట్యూబు గానీ, ఎఫ్‌టీఏ కార్డు (రక్తపు చుక్కను ఆరబెట్టి దాచే కాగితం) గానీ వాడాలి. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ బృందం కట్లపాము మీది పరిశోధనలోంచి పుట్టిన, డీఎన్ఏలో తనకు సరిపడే భాగాన్ని పట్టుకునే ప్రోబ్‌తో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ మొదలుపెట్టింది ఈ హైదరాబాద్‌లోనే, 1980ల్లో. అప్పటి పద్ధతికి డీఎన్ఏ చాలా ఎక్కువ కావాల్సి వచ్చేది. డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలను లెక్కించే ఇప్పటి ఎస్‌టీఆర్ కిట్లకు ఒక నానోగ్రామ్ చాలు. అంత తక్కువతో పని జరుగుతోంది కాబట్టే మాస్కు లేకుండా ఒక్క తుమ్ము తుమ్మినా సొంత ప్రొఫైల్ రిపోర్టులోకి ఎక్కుతుంది. ల్యాబు సిబ్బంది ప్రొఫైళ్లన్నీ తీసి దగ్గర పెట్టుకునేది అందుకే.

విషాలను వెతికే టాక్సికాలజీ వాళ్ల బల్ల మీద పోస్టుమార్టంలో తీసిన అవయవాల సీసాలే సీసాలు. పొట్ట, దానిలోని పదార్థం, 30 సెంటీమీటర్ల చిన్నపేగు ఒక సీసాలో. అర కిలో కాలేయం, రెండు మూత్రపిండాల్లో సగం సగం ఇంకో సీసాలో. రక్తం విడిగా, పాడవకుండా సోడియం ఫ్లోరైడ్ కలిపి. నిల్వకు వాడిన ఉప్పునీళ్లు మరో సీసాలో. ఉప్పునీళ్లు సంతృప్త ద్రావణం కావాలి, అంటే వంద మిల్లీలీటర్ల నీళ్లకు సుమారు 36 గ్రాముల ఉప్పు. ఎంత కలిపినా అడుగున కొంత ఉప్పు కరగకుండా కనబడుతుంటేనే అది సరైనది. చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో కాలేయం కుళ్లిపోతుంది. సీసాను మూడింట రెండు వంతులే నింపాలి, నిండుగా పోస్తే లోపల వాయువు పుట్టి మూత ఎగిరిపోతుంది. ఫార్మలిన్‌లో వేసి పంపితే మాంసం గట్టిపడి విషాన్ని బయటికి లాగడం గగనం. ఆ పొరపాటు ఇంకా ఆగలేదు.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందు కేసుల్లో “విషం కనబడలేదు” అని రిపోర్టు వెళ్తే ఇంటివాళ్లకు మండిపోతుంది. మనిషి వారం రోజులు ఆస్పత్రిలో ఉండి పోతే శరీరం ఆ మందును చాలావరకు విడగొట్టేసి ఉంటుంది. అసలు ఆధారం ఆస్పత్రిలో మొదటిసారి పొట్ట కడిగినప్పుడు వచ్చిన నీళ్లు. వాటిని పారబోయకుండా సీసాలో పట్టి సీలు వేసి పోలీసులకు ఇచ్చేవాళ్లు తక్కువ.

భోజనాల వేళ ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు అడిగింది ఎప్పుడూ అడిగేదే, ఏం చదివితే ఉద్యోగం వస్తుందని. “ఫోరెన్సిక్” అన్న మాట డిగ్రీ మీద ఉంటే చాలనుకోవడం ప్రమాదం. విషాలు, మాదకద్రవ్యాలు చూసే సెక్షన్లకు కెమిస్ట్రీ కావాలి. డీఎన్ఏకు జువాలజీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్. తుపాకులు, గాజు, పెయింట్ లాంటివాటికి ఫిజిక్స్. ఫోరెన్సిక్‌లోనే పీజీ చేయాలనుకుంటే ఉస్మానియాలో ఉంది, గాంధీనగర్ జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయంలో ఉంది. కానీ నోటిఫికేషన్లో ఆ పోస్టుకు ఏ సబ్జెక్టు, డిగ్రీలో ఏ గ్రూపు అడిగారో ఆ ఒక్క గడి ముందే చదవాలి. పాత నోటిఫికేషన్లు దొరుకుతాయి, సీటు తీసుకోకముందే చూసుకోవచ్చు. వేలిముద్రల దారి వేరు. బ్యూరోలో చేరాక అఖిల భారత స్థాయి పరీక్ష పాసైతేనే నిపుణుడిగా గుర్తింపు.

ఘటనాస్థలికి వెళ్లే పని ఇక పెరుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176(3) ప్రకారం ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు అక్కడికి వెళ్లాలి, ఆధారాల సేకరణను వీడియో తీయించాలి. దీన్ని నోటిఫై చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చారు. మనుషులు లేకుండా సెక్షన్ ఒక్కటే నడవదు కదా, ఖాళీలు నింపక తప్పదు. ఆ పనిలో అర్ధరాత్రి ఫోన్లుంటాయి, బావిలోంచి తీసిన శవాలుంటాయి. ఒప్పుకునేవాళ్లే రావాలి.

పిల్లల్లో ఒకమ్మాయి కోర్టు గురించి అడిగింది. అదే చట్టం సెక్షన్ 329 కింద ప్రభుత్వ నిపుణుల రిపోర్టు నేరుగా సాక్ష్యంగా చెల్లుతుంది, అయినా జడ్జి కావాలంటే పిలుస్తారు. సమన్లు వస్తే నాలుగేళ్ల కిందటి వర్క్‌షీటు పట్టుకుని జిల్లా కోర్టుకు వెళ్లాలి. ఆ రోజు పెన్సిలుతో గీకిన అంకె, కొట్టివేత పక్కన పెట్టని పొట్టి సంతకం, అన్నీ అప్పుడు బయటపడతాయి. కొట్టివేయాలంటే ఒక్క గీతే, కింది అంకె కనబడాలి, పక్కన సంతకం, తేదీ. వైట్‌నర్ ఈ గదుల్లోకే రాకూడదు.

సాయంత్రం ఫ్రీజర్ రిజిస్టరులో మైనస్ 20 రాసి తాళం వేశారు. జీన్స్ ఎక్స్‌ట్రాక్ట్‌ను (మరక నుంచి తీసిన డీఎన్ఏ ద్రావణాన్ని) రేపు పదింతలు పలచన చేసి ఒకసారి, కాలమ్ అనే వడపోత గొట్టంతో మళ్లీ శుద్ధి చేసి ఒకసారి పెట్టాలి. రెండూ రాకపోతే మరక అంచు నుంచి ఇంకో చిన్న ముక్క కత్తిరించాలి. సగం గుడ్డ మాత్రం ముట్టుకోకుండా మిగల్చాలి, డిఫెన్స్ వాళ్లు మళ్లీ పరీక్ష కోరితే ఇవ్వడానికి.