కాన్పు తర్వాత ఆందోళన: నేను చికిత్స తీసుకున్న తీరు

పాప పుట్టాక నాకు ఏడుపు రాలేదు. దిగులుగానూ లేను. అందుకే నాకున్నది జబ్బని ఎవరికీ తట్టలేదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ గురించి అందరం ఎంతో కొంత వినే ఉంటాం. ఆందోళన అలా కాదు, పైకి అచ్చం జాగ్రత్తలాగే కనిపిస్తుంది. ఊపిరి తీస్తోందా లేదా అని రాత్రంతా పాప పొట్ట మీద చెయ్యి వేసి చూడటం, కడిగిన పాలసీసానే మళ్లీ కడగటం, చిన్న తుమ్ముకి కూడా ఫోన్‌లో వెతకటం. చూసినవాళ్లు "ఎంత శ్రద్ధో" అని మెచ్చుకున్నారు. నాకేమో ఒకటే గుండె దడ, ఛాతీ బిగదీసినట్టు ఉండటం. పాప హాయిగా నిద్రపోతున్నా నాకు కన్ను మూత పడేది కాదు.

కాన్పవగానే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి తోడై మొదటి రోజుల్లో చాలామంది తల్లుల మనసు కుదురుగా ఉండదు. అది సాధారణంగా 2 వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నాకు ఆ గడువు దాటాక ఇంకా పెరిగింది.

అన్నిటికన్నా భయపెట్టినవి, పిలవకుండా వచ్చే ఆలోచనలు. మెట్లు దిగుతుంటే పాప నా చేతుల్లోంచి జారి పడిపోయినట్టు కళ్ల ముందు కదిలేది. కత్తి కనిపిస్తే చెప్పలేని ఆలోచన వచ్చేది. ఇలాంటివి బయటికి చెబితే పాపను నా దగ్గర ఉంచరేమోనన్న భయంతోనే చాలా రోజులు నోరు విప్పలేదు. చివరికి ఒక రాత్రి మా ఆయనకు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం" అన్నారు, అంతే.

గైనకాలజిస్ట్ నాచేత ఎడిన్‌బరో స్కేల్ నింపించారు. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో వచ్చిన 10 ప్రశ్నల పత్రం అది. పేరుకు డిప్రెషన్‌దే అయినా కారణం లేకుండా కంగారు పడుతున్నారా, భయపడుతున్నారా అనే ప్రశ్నలు కూడా అందులో ఉన్నాయి. నా మార్కుల్లో ఎక్కువ భాగం అక్కడే వచ్చాయి. థైరాయిడ్ పరీక్ష, రక్తహీనత పరీక్ష కూడా రాశారు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ వాచి, హార్మోన్ ఎక్కువగా విడుదలై, ఇదే దడ, ఇదే వణుకు వస్తాయట. ఆ పరీక్ష చేయకుండా ఆందోళన అని తేల్చేయకూడదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత సైకియాట్రిస్ట్‌కి ఆ ఆలోచనల గురించి దాచకుండా చెప్పాను. కొత్త తల్లుల్లో ఇవి చాలా మామూలని, వాటిని చూసి నేను హడలిపోతున్నానంటేనే అవి నా కోరికలు కావని ఆవిడ వివరించారు. లేనివి కనిపించడం, వినిపించడం, ఆ ఆలోచనలే నిజమని నమ్మడం, నిద్ర అవసరమే లేదన్నట్టు ఉండటం వేరే సంగతి. అది సైకోసిస్ అని, అరుదుగా వచ్చినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలని మా ఆయనకూ చెప్పారు.

చికిత్సలో నన్ను ఎక్కువ కష్టపెట్టింది, ఎక్కువ బాగుచేసింది థెరపీయే, అంటే మాటలతో, అభ్యాసాలతో సాగే చికిత్స. మళ్లీ మళ్లీ చూసుకోవడం వల్ల భయం కాసేపే తగ్గుతుంది. కానీ చూసుకున్నందువల్లే పాప క్షేమంగా ఉందని మెదడు నేర్చుకుంటుంది, ఇంకా తరచుగా చూడమంటుంది. కాబట్టి నిజంగా అవసరమైన జాగ్రత్తలేవో ముందే తేల్చుకున్నాం. వెల్లకిలా పడుకోబెట్టడం, పక్కలో దిండ్లు, మెత్తటి బొమ్మలు లేకుండా చూడటం. అవి చేశాక లేచి చూడాలనిపిస్తే కొంచెంసేపు ఆగాలి, భయం 10కి ఎంత ఉందో రాసుకోవాలి. మొదట్లో ఆ ఆగటం నరకం. అయినా ఏమీ చేయకుండానే అంకె దిగిరావడం నా చేత్తో నేనే రాసుకున్నాను కదా, నమ్మక తప్పలేదు. "పాప బాగానే ఉంది కదా?" అని ఇంట్లోవాళ్లను అడగటం కూడా ఇలాంటిదేనట. ఆ తర్వాత నేను అడిగినప్పుడల్లా మా ఆయన "ఇది నీ భయం అడుగుతోంది" అని మెల్లగా గుర్తుచేసేవారు. ప్రేమగా సమాధానం చెప్పడం కన్నా ఇది ఆయనకూ కష్టమే.

నిద్ర గురించి డాక్టర్ గట్టిగా చెప్పారు. రాత్రి ఒక దఫా పిండి ఉంచిన పాలు అమ్మ పట్టేది, నేను వేరే గదిలో 4, 5 గంటలు ఏకధాటిగా పడుకునేదాన్ని. బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అనే సలహా ఆందోళన ఉన్న తల్లికి పనికిరాదు. కావలసింది బాధ్యత పంచుకునే మనిషి.

థెరపీతో పాటు మందు కూడా ఇచ్చారు. దాని పేరు సెర్ట్రలిన్, డిప్రెషన్‌కీ ఆందోళనకీ వాడే మాత్ర. పాలిస్తూ ఎలా వేసుకోవాలని నేను చాలా వెనకాడాను. తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరుతుందని, అందుకే పాలిచ్చే తల్లులకు తరచుగా దీన్నే ఎంచుకుంటామని డాక్టర్ చెప్పారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే ఆ సంగతి ముందే చెప్పాలి. చిన్న డోసుతో మొదలుపెట్టాం. మొదటి రోజుల్లో వికారం, కాస్త కంగారు ఎక్కువయ్యాయి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. బాగుందని మధ్యలో ఆపేయాలనిపించింది, కానీ కుదుటపడ్డాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించమన్నారు. ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం డోసు కొద్దికొద్దిగా తగ్గించాం.

ఇప్పుడు మాత్రలు లేవు. పాపకు జ్వరమొస్తే భయం వేస్తుంది, తనకు మందు వేశాక నాకు నిద్ర కూడా పడుతుంది. ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాతి కాన్పులోనూ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇంకో బిడ్డను కనాలనుకుంటే గర్భం రాకముందే రమ్మని సైకియాట్రిస్ట్ చెప్పారు. ఆ మాట నా పాత రిపోర్టుల ఫైల్ మీద రాసి పెట్టుకున్నాను.