షార్ట్ సర్క్యూట్ అని రాసేసే ముందు

ఫోరెన్సిక్ చదివితే ఉద్యోగాలుంటాయా అని అడిగే పిల్లలు, తల్లిదండ్రులు ఈ మధ్య బాగా పెరిగారు. దానికి కారణం ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన, నేరాల దర్యాప్తు విధానాన్ని చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి. ఆ పనంతా వీడియో తీయించాలి. దీన్ని పూర్తిగా అమలుచేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. కాబట్టి మనుషుల అవసరం ఉంటుంది.

అయితే విశాఖలో ఉంటూ ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు హత్య కేసుల మీదే చూపు పెట్టుకుంటే సగం తలుపులు తామే మూసుకున్నట్టు. ఒక పక్క రేవు, ఒక పక్క రిఫైనరీ, పరవాడ, అచ్యుతాపురం వైపు రసాయన ఫ్యాక్టరీలు, వీటికి తోడు ఊరంతా ఉప్పుగాలి. కాలిన గోడౌను ఎందుకు కాలిందో, పెచ్చులూడిన బాల్కనీ ఎందుకు ఊడిందో తేల్చడం కూడా ఫోరెన్సిక్ పనే.

ముందు మంట సంగతి. దుకాణం కాలితే మర్నాడు పేపర్లో "షార్ట్ సర్క్యూటే కారణమని అనుమానిస్తున్నారు" అని వస్తుంది. దర్యాప్తు చేసేవాడు ఆ మాట రాసే ముందు చెయ్యాల్సిన పని చాలా ఉంది. బోర్డు దగ్గర దొరికిన రాగి తీగ కొసను పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద పెట్టండి. కరెంటు ఉండగా తీగలు తగులుకుని ఆర్క్ (కరెంటు గాలిలో దూకే మెరుపు) వస్తే కొసన గుండ్రటి, నున్నటి పూస కడుతుంది. పూసకూ తీగకూ మధ్య గీత గీసినట్టు హద్దుంటుంది. ఆ హద్దు దాటగానే తీగ మామూలు మందంలోనే ఉంటుంది, తయారీలో పడిన సన్నటి గీతలు కూడా చెరగవు. మంట వేడికే కరిగిన తీగ అలా ఉండదు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మంట అంత వేడెక్కితే తీగ చాలా మేర సన్నబడి, సాగి, అక్కడక్కడా బొట్లు కట్టి ఉంటుంది. ఇందులో ఒక మోసముంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఆ కరిగిన అల్యూమినియం రాగి మీద పడితే రెండూ కలిసి, రాగి తాను కరగాల్సిన వేడి కంటే చాలా తక్కువ వేడికే కరిగిపోతుంది. చూడ్డానికి ఆర్క్ తిన్నట్టే ఉంటుంది.

సరే, అసలైన పూసే దొరికింది. అప్పుడు కూడా తేలేది ఒక్కటే: మంట అక్కడికి చేరేసరికి తీగలో కరెంటుంది. మంట వేరేచోట పుట్టి, వచ్చి ఇన్సులేషన్ కాల్చేసినా ఇలాంటి పూసే కడుతుంది. అందుకే ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే లైను తెంచే స్విచ్చులు) ఏ స్థితిలో ఉన్నాయి, ఆ లైను మీద ఏ లోడుంది, గోడ మీద మసి ఎక్కడ నుంచి పైకి విచ్చుకుంది, మొదట చూసినవాళ్లు పొగ ఎటునుంచి వచ్చిందంటున్నారు, ఇవన్నీ ఆ పూస పక్కన పెట్టి చూడాలి. అవి ఒప్పుకోకపోతే పూసను నమ్మకూడదు.

పెట్రోలో, కిరోసినో పోశారన్న అనుమానముంటే నమూనా తియ్యడంలోనే సగం కేసు ఉంటుంది. ద్రవం పల్లానికి, సందుల్లోకి పోతుంది. అందుకే గుమ్మం కింద, టైల్స్ సందుల్లో, గోడ మొదట్లో వెతకాలి. తీసినదాన్ని మామూలు పాలిథిన్ సంచిలో వేస్తే ఆవిరి సంచి గుండానే బయటికి పోతుంది. శుభ్రమైన రేకు డబ్బాలో గానీ గాజు సీసాలో గానీ మూడింట రెండు వంతులకు మించకుండా నింపి మూత బిగించాలి. ల్యాబులో పరీక్షించేది పైన చేరిన ఆవిరిని కాబట్టి ఆ ఖాళీ ఉండాలి. అదే కార్పెట్టు లేదా ఫోము, ద్రవం పడలేదనుకున్న చోటు నుంచి మరో డబ్బాలో తీసుకోవాలి. ఫోము, ప్లాస్టిక్కు కాలినా స్టైరీన్, టొల్యూన్ లాంటివి వస్తాయి. పోల్చి చూసుకునే నమూనా లేకపోతే దొరికినవి పోసిన ద్రవానివో, కాలిన ఫోమువో ల్యాబు గట్టిగా చెప్పలేదు. మట్టిని మాత్రం ఫ్రీజరులో పెట్టాలి, లేకపోతే అందులోని సూక్ష్మజీవులు పెట్రోలును తినేస్తాయి.

నెత్తురంటిన బట్టల విషయం మాత్రం ఇందుకు తలకిందులు. వాటికి గాలి చొరని డబ్బా పనికిరాదు. విశాఖ ఉక్కపోతలో తడి చొక్కాను ప్లాస్టిక్కులో కట్టేస్తే బూజు పడుతుంది, డీఎన్ఏ చెడుతుంది. నీడలో ఆరబెట్టి, ఒక్కో బట్టను విడిగా కాగితం కవరులో పెట్టాలి. విషం కేసుల్లో పోస్టుమార్టం అప్పుడు తీసిన అవయవాలను సాధారణంగా చిక్కటి ఉప్పు ద్రావణంలో ఉంచుతారు. ఆ ద్రావణం నమూనా కూడా విడిగా పంపాలి. లేకపోతే దొరికిన విషం ఉప్పునీటిలోంచే వచ్చిందని డిఫెన్సు లాయరు అంటే జవాబుండదు. చాలా కేసులు పోయేది మాత్రం ఇంతకంటే చిన్న చోట. మధ్యవర్తుల నివేదికలో "నీలం చొక్కా" అని ఉంటుంది, ల్యాబు రిపోర్టులో "పచ్చ గళ్ల చొక్కా" అని ఉంటుంది. సీలు నమూనా ఒకటి, పార్సిలు మీద సీలు ఇంకొకటి. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ తేడాను సరిదిద్దలేదు.

ఇక బీచ్ వైపు అపార్ట్‌మెంట్లకు వద్దాం. శ్లాబు కింద కడ్డీ వెంబడే బారుగా పగులు కనిపిస్తే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోందని అర్థం. ముందు చిన్న సుత్తితో కొట్టి వినాలి. డొల్ల శబ్దం వచ్చిన మేర సుద్దముక్కతో గీసుకోవాలి. తర్వాత కొంచెం కాంక్రీటు పగలగొట్టి, దుమ్ము ఊదేసి, తాజా ముఖం మీద ఆల్కహాలులో కలిపిన ఒక శాతం ఫినాల్‌ఫ్తలీన్ చల్లాలి. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో క్షారగుణం మిగిలి ఉన్నట్టు. రంగు రాని మందాన్ని మిల్లీమీటర్లలో కొలవాలి, అక్కడిదాకా కార్బొనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడు చేరి క్షారగుణం పోవడం) వచ్చేసినట్టు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. కడ్డీ చుట్టూ గులాబీ రంగు చక్కగా కనిపిస్తుంది, కడ్డీ మాత్రం పొరలు పొరలుగా తుప్పు. అది ఉప్పు చేసిన పని. క్షారగుణం ఉన్నా ఉప్పులోని క్లోరైడు ఇనుము మీది రక్షణ పొరను చీలుస్తుంది. అలాంటప్పుడు వేర్వేరు లోతుల్లో డ్రిల్లు పొడి తీసి క్లోరైడు పరీక్షకు పంపాలి. కొత్త కాంక్రీటు పోసేనాటికి అందులో క్లోరైడు ఉండొచ్చని ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాలకు భారతీయ ప్రమాణం) ఇచ్చిన హద్దు ఘనపు మీటరుకు 0.6 కిలోలు. ఉప్పు పైపొరలో ఎక్కువై లోపలికి పోయేకొద్దీ తగ్గితే గాలి నుంచి వచ్చింది. అన్ని లోతుల్లోనూ ఒకేలా ఉంటే కట్టినప్పుడే ఇసుకలోనో నీటిలోనో కలిసింది. బిల్డరు బాధ్యతా కాదా అన్నది ఆ పొడి పొట్లాల మీదే ఆధారపడుతుంది.

రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు పైన కొట్టి, ఎంత వెనక్కి తుళ్లిందో చూసి బలం అంచనా వేసే పరికరం) ఒక్కటే కొట్టి రిపోర్టిచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కార్బొనేషన్ అయిన పైపొర గట్టిపడి, పాత భవనం కూడా బలంగా ఉన్నట్టు రీడింగు చూపిస్తుంది. అనుమానముంటే కోర్ (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి కాంక్రీటు దిమ్మ) తీయాల్సిందే, అది కూడా మూడుకు తగ్గకుండా. సగటు బలం కావాల్సిన దాంట్లో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

ఫ్యాక్టరీ ప్రమాదాల దర్యాప్తు ఇంకా కష్టం. 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో 12 మందిని బలిగొన్న స్టైరీన్ (ప్లాస్టిక్కు తయారీకి వాడే ద్రవం) లీకునే చూడండి. స్టైరీన్ తనంతట తాను గట్టిపడకుండా టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. అది పనిచేయాలంటే ద్రవం చల్లగా ఉండాలి, అందులో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలోనే ఉంది, వేడెక్కింది పైభాగం. రీడింగు తప్పని కాదు, కొలిచిన చోటు తప్పు. లాగ్‌బుక్కులో అంకె ఎంత అని మాత్రమే కాదు, అది ఎక్కడిది అని కూడా అడగడం కెమికల్ ఇంజినీరు నేర్చుకోవాల్సిన మొదటి ప్రశ్న.

చదువుల మాటకొస్తే, డిగ్రీలో కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీల్లో ఒకటి గట్టిగా చదివి, తర్వాత పీజీలో ఫోరెన్సిక్‌కు రావడం మంచిదని నా అభిప్రాయం. ల్యాబులో ఎవరైనా ఒక విభాగంలోనే కూర్చుంటారు. విశాఖలో ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబు ఉంది, హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబు ఉంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీకి ప్రవేశ పరీక్ష వేరే. యూజీసీ నెట్‌లోనూ ఫోరెన్సిక్ సైన్స్ ఒక సబ్జెక్టు. పోస్టుమార్టం వైపు వెళ్లాలంటే ఎంబీబీఎస్, ఆపైన ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎండీ తప్ప అడ్డదారి లేదు. డిజిటల్ వైపు వెళ్లేవాళ్లు భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌నూ, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువనూ కంఠతా పట్టాలి.

ఇంజినీర్లు ఎక్కువగా పట్టించుకోని దారి, క్లెయిముల్లో నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరుది. మోటారు క్లెయిములు 50 వేలు, మిగతావి లక్ష రూపాయలు దాటితే లైసెన్సున్న సర్వేయరు అంచనా కావాలని 2015 నిబంధనలు పెట్టాయి. ఫైర్, మెరైన్ కార్గో, మెరైన్ హల్, ఇంజినీరింగ్ లాంటి విభాగాలుంటాయి. రేవున్న ఊళ్లో మెరైన్ నేర్చుకోకపోవడం నష్టమే. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ పరీక్ష రాసి, అనుభవమున్న సర్వేయరు దగ్గర ట్రైనీగా చేయాలి. సర్వేయరుకు డబ్బు కట్టేది బీమా కంపెనీ, నిజం చెప్పాల్సింది కంపెనీకీ, క్లెయిము చేసినవాళ్లకూ ఇద్దరికీ. ఆ ఒత్తిడికి నిలబడలేననుకుంటే ల్యాబే నయం.

ఈ దారుల్లో ఏది పట్టినా రిపోర్టులో "ఉన్న ఆధారాలతో కారణం నిర్ధారించలేము" అని రాయగలగాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోయేది ఎక్కువగా, తెలియనిదాన్ని తెలిసినట్టు రాసినవాళ్లే.

ఇంకా చదువుకుంటున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టగల పని ఒకటుంది. దగ్గర్లోని ఎలక్ట్రీషియన్‌ను అడిగితే కాలిన ప్లగ్గులు, హోల్డర్లు, వైరు ముక్కలు ఊరికే ఇస్తాడు. ఒక్కోదాన్ని స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపులా ఫొటో తియ్యండి, భూతద్దంలో చూసి బొమ్మ గియ్యండి, కారణం రాయకుండా కనిపించినది మాత్రమే పది వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత అది ఎలా కాలిందో ఎలక్ట్రీషియన్‌ను అడిగి సరిచూసుకోండి.