అది గాలి నొప్పి కాదు

ఇరవై రెండేళ్లుగా ల్యాబ్‌లో ఊరందరి రక్తం పరీక్ష చేస్తున్నవాణ్ని. కామెర్లు వచ్చినప్పుడు నా రక్తం నేనే మెషీన్‌లో తిప్పి, పైకి తేలిన సీరం చూసుకున్నాను. ఆవపిండి రంగులో ఉంది. కళ్లకు పచ్చదనం తెచ్చే బిలిరుబిన్ 7.2, అందులో లివర్ శుద్ధి చేసి పైత్యంలోకి పంపాల్సిన డైరెక్ట్ రకమే 5.8. అల్ట్రాసౌండ్‌లో పైత్యనాళం 11 మిల్లీమీటర్లకు ఉబ్బి కనిపించింది గానీ రాయి కనిపించలేదు. నాళం కింది కొసను పేగుల్లోని గాలి కప్పేస్తుంది కాబట్టి అక్కడి రాయి తప్పిపోవడం మామూలే. పైత్యనాళాలకు చేసే ఎంఆర్ఐ స్కాన్, ఎంఆర్‌సీపీలో దొరికింది. హైదరాబాదులో ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి, నాళం మూతి కాస్త కోసి, బెలూన్‌తో రాయి లాగి, పైత్యం పారడానికి ప్లాస్టిక్ స్టెంట్ (చిన్న గొట్టం) వేశారు. చేసినాయన చెయ్యి మంచిది, ఆ మాట ఎక్కడైనా చెప్తాను.

తప్పంతా ఆ తర్వాతే. సాయంత్రానికల్లా డిశ్చార్జి చేశారు, మేమూ సరేనని కారెక్కాం. కర్నూలుకు రెండొందల కిలోమీటర్ల పైమాటే. అలంపూర్ చౌరస్తా దాటేసరికి బొడ్డుపైన మొదలైన నొప్పి వీపులోకి దిగింది. ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుంటే కాస్త ఊరట, వెనక్కి వాలితే ప్రాణం పోయినట్టు. రెండుసార్లు వాంతి. మా ఇంటామె ఆస్పత్రికి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాయన అన్న మాట ఇది: "గాలి కొట్టి చూస్తాం కదమ్మా, గ్యాస్ పట్టి ఉంటుంది. మాత్ర వేసి పడుకోబెట్టండి, పొద్దుటికి తగ్గిపోతుంది."

ఆ మాట విని పడుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గాలి కొట్టడం నిజమే, దానివల్ల నొప్పి రావడమూ నిజమే. కానీ ఆ నొప్పి కడుపంతా పరుచుకుని, కిందికి గాలి పోతే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. వీపులోకి పొడుచుకుపోయి, వాంతులతో, గంటగంటకూ పెరిగేది జీర్ణరసం తయారుచేసే ప్యాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు. పైత్యనాళమూ ప్యాంక్రియాస్ నాళమూ ఒకే మూతి దగ్గర తెరుచుకుంటాయి. అక్కడ గొట్టం ఆడించినప్పుడు, ఎక్స్‌రేలో నాళం కనిపించడానికి మందు ఎక్కించినప్పుడు ఆ మూతి వాస్తే లోపలి రసం బయటికి రాలేక ప్యాంక్రియాస్‌నే కాలుస్తుంది. ఈ ముప్పు తగ్గించడానికే డైక్లోఫెనాక్ అనే నొప్పి, వాపు మందు 100 మిల్లీగ్రాములు మలద్వారంలో పెడతారు. నా డిశ్చార్జి కాగితంలో అది పెట్టినట్టు ఎక్కడా లేదు. పడనివాళ్లు కొందరుంటారు గనక, మీరైతే ముందే అడగండి.

అర్ధరాత్రి కర్నూలులో క్యాజువాలిటీకి వెళ్తే హౌస్‌సర్జన్ అమ్మాయి ఒక్కటే అడిగింది. "ఈఆర్‌సీపీ ఎప్పుడైంది అన్నా? ఈరోజేనా? అయితే లైపేజ్ చూడకుండా మిమ్మల్ని పంపను." లైపేజ్ అంటే ప్యాంక్రియాస్ తయారుచేసే ఎంజైమ్. రిపోర్టులో 1,460 వచ్చింది. ఆ కిట్‌లో మామూలు హద్దు 60. మూడు రెట్లు దాటి, ఇలాంటి నొప్పి కూడా ఉంటే రోగం తేలినట్టే. వెంటనే రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కించారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు, మూత్రం కొలిచి రాసుకున్నారు. ఆ అమ్మాయి తెల్లారేదాకా నాలుగుసార్లు వచ్చి చూసింది. ఆమె చల్లగా ఉండాలి. లైపేజ్ రోజూ చేయించమని మావాళ్లు పట్టుబట్టారు గానీ దాని అంకెను బట్టి జబ్బు తీవ్రత తెలియదు. చూడాల్సినవి హిమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పేది), యూరియా, క్రియాటినిన్, మూత్రం. వాంతులు ఆగి ఆకలేస్తే గంజి, ఇడ్లీ మొదలుపెట్టొచ్చు. రోజుల తరబడి కడుపు మాడ్చనక్కర లేదు.

ఇంటికొచ్చాక లివర్ పరీక్షల భయం పట్టుకుంది. ఐదో రోజున బిలిరుబిన్ 4.6, లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 118, పైత్యం అడ్డుపడితే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 396. "రాయి తీసినా లివర్ బాగుపడలేదే, పసరు తాగిద్దాం" అని చుట్టాలు బయల్దేరారు. ఆకు పసర్లలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి, తాగొద్దు. అడ్డు తీశాక ఎస్‌జీపీటీ త్వరగా దిగుతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ వారాలు తీసుకుంటుంది. బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుని ఆల్బుమిన్ ఉన్నన్నాళ్లూ రక్తంలో తిరుగుతుంది, మూత్రంలోకి పోదు. మూత్రం తెల్లబడినా కళ్లు పచ్చగానే ఉండేది అందుకే. అంకె ఎక్కువుందని కాదు, పోయినసారి కంటే పెరిగిందా తగ్గిందా అని చూడాలి. వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించండి.

దిగుతున్న అంకె మళ్లీ లేచి, వణుకుతో జ్వరం, కుడిపక్క నొప్పి, పచ్చ కళ్లు వస్తే స్టెంట్ పూడుకుని నాళంలో చీము పట్టిందనుకోవాలి. అది పొద్దుటిదాకా ఆగే పని కాదు. విరేచనం తారులా నల్లగా పోతే కోసిన చోట రక్తం కారుతున్నట్టు. అది పది రోజుల తర్వాత కూడా రావచ్చు.

ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలల్లోపు తీయించాలి. నొప్పి లేదని మరిచిపోయి ఏడాదికి చీముతో వచ్చినవాళ్ల శాంపిళ్లు నేనే చేశాను. మా ఇంటామె తీసే తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టింది, మంత్రాలయం మొక్కు కూడా ఆ తేదీ కిందే రాసింది. పిత్తాశయంలో ఇంకా రాళ్లుండటంతో దాన్ని ల్యాప్రోస్కోపీలో ముందే తీసేశారు. స్టెంట్ ఎనిమిదో వారంలో తీశారు. ఆ మర్నాడు మొక్కు తీర్చుకుని, నా సీరం మళ్లీ తిప్పి చూశాను. ఎండుగడ్డి రంగుకొచ్చింది. బిలిరుబిన్ 0.9.