హైదరాబాద్ రాత్రి బస్సుకి ఏం సర్దుకోవాలి, ఎక్కడ గట్టిగా నిలబడాలి

నిన్న సాయంత్రం విశాఖ మద్దిలపాలెంలో ప్రైవేటు ట్రావెల్స్ బస్సు ఎక్కి ఈ ఉదయం హైదరాబాద్ కూకట్‌పల్లిలో దిగాను. ఒళ్ళునొప్పుల కంటే కోపమే ఎక్కువగా ఉంది. అది చల్లారకముందే రాస్తున్నా.

బట్టలు పెద్ద బ్యాగులో కుక్కి డిక్కీలో వేసేయండి. ఆరొందల కిలోమీటర్ల పైన దారి, పన్నెండు పదమూడు గంటలు. డిక్కీ మధ్యలో తెరవమంటే తెరవరు. అందుకని మాత్రలు, ఛార్జర్, నీళ్ళు, ఆధార్, సొంత దుప్పటి చేతిసంచిలోనే ఉండాలి. తినడానికి పులిహోర. చింతపండు పులుపుకి తెల్లారేదాకా పాడవదు. పెరుగన్నం వద్దు.

ఇక అసలు సంగతి. మా అక్కకి నెత్తళ్ళ చేపలంటే ప్రాణం. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండువి కొని, డాబా మీద మళ్ళీ ఎండబెట్టి, తలలు తుంచి, పేపర్లో చుట్టి, రెండు కవర్లలో కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి మూత చుట్టూ టేపు వేశాను. ముక్కు ఆనించినా వాసన రాదు. క్లీనర్ బ్యాగు ఎత్తి "లోపలేంటి?" అన్నాడు. దాచడమెందుకు, చెప్పాను. అంతే, ఫుట్‌పాత్ మీదే జిప్పు తీయించాడు. చీరలు, లోపలి బట్టలు అందరి ముందూ పక్కకి తీసి డబ్బా చూపించాల్సి వచ్చింది. వాడి ఫోన్ లైటు డబ్బా మీద లేదు, బట్టల మీదే ఉంది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. తీరా చూశాక "చేపలు ఎక్కనివ్వం మేడమ్. మూడొందలిస్తే డిక్కీలో ఓ మూల పెడతా" అన్నాడు.

"డబ్బులిస్తే వాసన పోతుందా బాబూ? రసీదు ఇయ్యి, ఇస్తాను" అన్నాను. రసీదు లేదట. వెనకాల ఒక పెద్దాయన "ఇచ్చేయమ్మా, లేటవుతోంది" అని నన్నే తొందరపెట్టాడు. ఇలా అడగ్గానే ఇచ్చేసేవాళ్ళ వల్లే వీళ్ళు ఇంతకి తెగించారు. ఆర్టీసీలో లగేజీ ఎక్కువైతే టికెట్టు కొట్టి చేతికిస్తారు, బట్టలు రోడ్డున పరిపించరు. ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "బాయ్‌తో మాట్లాడుకోండి" అని పెట్టేశారు.

రూపాయి ఇవ్వలేదు. డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కి, బెర్తులో కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. అందులో ఏముందో పొద్దున్న నేను చెప్తే గానీ పక్క బెర్తు అమ్మాయికి తెలీలేదు. సర్దడమంటే అదీ!

కాబట్టి తినే సరుకు ఏదైనా విడిగా ఒక సంచిలో పెట్టుకోండి, ఎవరడిగినా బట్టల బ్యాగు తెరిచే పని ఉండదు. ఆడవాళ్ళకి ఇంకో మాట: మామూలుగా ఈ బస్సుల్లో బాత్రూమ్ ఉండదు. భోజనానికి ఆపగానే ముందు అటు వెళ్ళి రండి, తిండి తర్వాత. సబ్బు ముక్క, టిష్యూలు, చిల్లర చేతిలో ఉంచుకోండి. చీకట్లో బెర్తు దిగడానికి హవాయి చెప్పులే నయం.

వచ్చే నెల అమ్మని తీసుకురావాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండుకి వెళ్ళి ఆర్టీసీ బస్సుకే టికెట్ తీస్తాను.