ఆన్‌లైన్ దూరవిద్య: చేరినవాళ్లు మూడో వారానికి మిగలాలంటే

2011 చివర్లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ తాము స్టాన్‌ఫర్డ్‌లో చెప్పే కృత్రిమ మేధ కోర్సును నెట్‌లో అందరికీ ఉచితంగా తెరిచారు. పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు సుమారు 1,60,000 మంది. చివరిదాకా నిలిచినవాళ్లు 23,000 దాకా. మరుసటి ఏడాదే ఇలాంటి కోర్సులను నెట్‌లో అందించే కోర్సెరా, ఎడెక్స్ వేదికలు పుట్టాయి. ఆ తర్వాత చాలాకాలం అందరూ మొదటి అంకెనే చూశారు: ఎంతమంది చేరారు, ఎన్ని దేశాలనుంచి చేరారు అని. చేరినవాళ్లలో మూడో వారానికి ఎంతమంది మిగిలారన్నది అసలు లెక్క. ఈ రంగంలో వస్తున్న మార్పుల్లో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనబడదు.

మూడో వారమే ఎందుకంటే, మొదటి వారం ఉత్సాహం నడిపిస్తుంది. రెండో వారం పరిచయ పాఠాలతో గడిచిపోతుంది. మూడో వారానికి అసలు పని మొదలవుతుంది, వెనకబడినవాళ్లకు అప్పటికే రెండు వారాల బాకీ ఉంటుంది. ఆ బాకీని బద్ధకం కింద జమకట్టేస్తారు గానీ, చాలాసార్లు తప్పు గంటల లెక్కలోనే ఉంటుంది. ఐరోపా క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని: వినడం, చదవడం, రాయడం, పరీక్షకు తయారవడం అన్నీ కలిపి. అయిదు క్రెడిట్ల కోర్సుకు 125 నుంచి 150 గంటలు కావాలి. దాన్ని 12 వారాల్లో ఇరికిస్తే వారానికి పదిన్నర నుంచి పన్నెండున్నర గంటలు. ఉద్యోగం చేస్తూ చదివే మనిషికి వారానికి 8 గంటలు దొరకడమే గొప్ప. ఆ వేగంతో అదే కోర్సు పూర్తికావడానికి 16 నుంచి 19 వారాలు పడుతుంది. ప్రకటనలో మాత్రం వీడియోల నిడివి ఒక్కటే వేసి "వారానికి 3 గంటలు చాలు" అని రాస్తారు. చేరినవాళ్లు దాన్ని నమ్మి రోజుకు అరగంట పక్కన పెట్టుకుంటారు.

దీనికి కోర్సు తయారుచేసేవాళ్లు చేయగల విరుగుడు చాలా మామూలుది. ప్రతి వారం పేజీ మీద ఒక్కో అంశం పక్కన నిమిషాలు రాయండి: వీడియో 7, చదవడం 25, అభ్యాసం 50. అభ్యాసానికి మీకు పట్టిన సమయం రాయకండి. విషయం కొత్తగా నేర్చుకునే ఇద్దరు ముగ్గురిచేత చేయించి, వాళ్లకు పట్టిన సమయం రాయండి. మీకు 20 నిమిషాల్లో అయ్యే లెక్క వాళ్లకు గంట పట్టడం మామూలే. మొత్తం కూడితే వారానికి 8 గంటలు దాటుతోందా? వారాలైనా పెంచాలి, పాఠాలైనా తగ్గించాలి. మూడో దారి లేదు.

ఇక వస్తున్న మార్పుల్లో ఒకటి, పాఠాలు చిన్నవవడం. ఎడెక్స్‌లో జరిగిన 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వచ్చిన అధ్యయనం, వీడియో ఎంత పొడుగున్నా చూసేవాళ్ల ధ్యాస మహా అయితే 6 నిమిషాల దగ్గర ఆగుతోందని తేల్చింది. అప్పటినుంచి ఆరు నిమిషాలు ఒక సూత్రమై కూర్చుంది. దీన్ని గుడ్డిగా పట్టుకుని 40 నిమిషాల ఉపన్యాసాన్ని ఏడు ముక్కలు కోసి పెట్టేవాళ్లున్నారు. అలా కోసిన ముక్కకు తలా తోకా ఉండదు. నాలుగో ముక్కలో వచ్చే "ఇందాక చెప్పుకున్నట్టు" అన్న మాట దాన్ని ఒక్కదాన్నే తెరిచినవాళ్లకు అర్థం కాదు. ముక్క చేయాల్సింది రికార్డు చేయకముందే: ఒక వీడియోకు ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకు జవాబు, ఒక ఉదాహరణ, అంతే.

చిన్న వీడియోల వల్ల నాకు కనిపించే పెద్ద లాభం ధ్యాస కూడా కాదు, మరమ్మతు. సాఫ్ట్‌వేర్ తెర మారిందనుకోండి, నియమం మారిందనుకోండి, గంట ఉపన్యాసమైతే మొత్తం మళ్లీ తీయాలి లేదా తప్పుతోనే వదిలేయాలి. ఆరు నిమిషాలదైతే ఒక పూట పని. అందుకే వీడియోలో తేదీలు, "పోయిన వారం", "అయిదో పాఠంలో" లాంటి మాటలు రానీయకూడదు. అవి వీడియో కింద రాసే వివరణలో ఉండాలి, అక్కడైతే నిమిషంలో మార్చేయవచ్చు.

ఇక డేటా. దూరవిద్య ఫోన్ మీదికి చేరాక ఇది బోధనలో భాగమైపోయింది, అయినా వీడియోలు తీసేవాళ్లు చాలామంది ఒక్కసారి కూడా లెక్క వేసుకోరు. స్పష్టత ఎక్కువున్న 720పి వీడియోను సెకనుకు 1.5 మెగాబిట్ల (ఎంబీపీఎస్) వేగంతో ఇస్తే పది నిమిషాలకు 112 ఎంబీ పైన అవుతుంది. స్పష్టత తక్కువున్న 480పి వీడియోను సెకనుకు 500 కిలోబిట్ల (కేబీపీఎస్) వేగంతో ఇస్తే 37.5 ఎంబీ. ఒక్క గొంతు మాత్రమే, ధ్వనిని చిన్న ఫైలుగా కుదించే ఓపస్ కోడెక్‌లో 24 కేబీపీఎస్‌తో ఇస్తే 1.8 ఎంబీ. వారానికి గంట వీడియో ఉన్న 12 వారాల కోర్సు 720పిలో 8.1 జీబీ తింటే, 480పిలో 2.7 జీబీతో సరిపోతుంది. స్లైడ్లు చూపిస్తూ చెప్పే పాఠంలో బొమ్మ పెద్దగా కదలదు కాబట్టి సెకనుకు 15 ఫ్రేములు చాలు. అలా మిగిలిన బిట్లు అక్షరాలు స్పష్టంగా కనబడటానికి పనికొస్తాయి. 480పి అక్షరాలు మసకబారాయంటే లోపం చాలాసార్లు వీడియోది కాదు, స్లైడు మీద 14 పాయింట్ల అక్షరాలు పెట్టినవాళ్లది. 28 పాయింట్లకు తగ్గకుండా పెట్టి, రికార్డు చేసే ముందు ఫోన్‌లో చూడండి. ప్రతి వీడియోకు దించుకునే వీలు, ఆడియో ఒక్కటే వినే వీలు, చెప్పిన మాటలన్నిటి రాతప్రతి ఉండాలి. రాతప్రతి ఉంటే సబ్‌టైటిళ్లు వేయడం తేలిక, వెతుక్కోవడం తేలిక, వినబడనివాళ్లకు అదే పాఠం. యంత్రం వేసిన సబ్‌టైటిళ్లను సరిచూడకుండా వదిలితే ముందు పాడయ్యేవి పారిభాషిక పదాలు, పేర్లు, అంకెలు, అంటే పాఠంలో తప్పు దొర్లకూడని చోట్లే.

చూడటం కన్నా గుర్తు తెచ్చుకోవడం ఎక్కువ నేర్పుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మధ్యలో తమను తాము పరీక్షించుకున్నవాళ్లు ముందున్నారు. కాబట్టి వీడియో ముగియగానే పెట్టే క్విజ్ ఒక్కటే చాలదు. ఆ క్షణంలో అందరికీ వచ్చినట్టే ఉంటుంది. మూడో వారం క్విజ్‌లో పది ప్రశ్నలుంటే అందులో రెండు మొదటి వారానివి, రెండు రెండో వారానివి కలపండి. ముందే చెప్పి కలపండి, లేకపోతే మోసం చేశారనిపిస్తుంది. మార్కులు తక్కువ, ప్రయత్నాలు ఎక్కువ పెట్టండి. తప్పు జవాబుకు "తప్పు" అని వదిలేయక, ఆ తప్పు ఏ పొరపాటు ఆలోచన వల్ల వస్తుందో ఒక వాక్యం రాయండి. క్విజ్ తయారీలో ఎక్కువ సమయం పట్టేది ఈ వాక్యాలకే, విలువంతా వీటిలోనే ఉంది.

ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చదువుకునే కోర్సుల స్థానంలో ఇప్పుడు తేదీలున్న బ్యాచ్‌లు తిరిగి వస్తున్నాయి. ఇది వెనకడుగేమీ కాదు. దూరవిద్యలో దూరం అంటే మైళ్లు కాదని, సంభాషణ ఎంత ఉంది, కోర్సు ఎంత బిగువుగా అల్లి ఉంది, నేర్చుకునే మనిషి ఎంతవరకు సొంతంగా నడవగలడు అన్నవి కలిసి ఆ దూరాన్ని నిర్ణయిస్తాయని దూరవిద్య సిద్ధాంతకర్త మైకేల్ మూర్ ఎప్పుడో చెప్పాడు. పూర్తి స్వేచ్ఛ ఇచ్చిన కోర్సు, అప్పటికే సొంతంగా చదువుకోగలిగినవాళ్లకే పనికొస్తుంది. మిగతావాళ్లకు గడువు కావాలి, తోటివాళ్లు కావాలి, అడిగితే పలికే మనిషి కావాలి.

అయితే గడువు పెట్టే తీరులోనే చాలా కోర్సులు దెబ్బతింటాయి. అలవాటుగా ఆదివారం అర్ధరాత్రి అని పెడతారు. పని సాగేది ఆదివారం సాయంత్రమే, ఇరుక్కుపోయేదీ అప్పుడే, ఆ వేళకు చెప్పేవాళ్లెవరూ ఉండరు. గడువును వారం మధ్యకు, బోధకులు అందుబాటులో ఉండే వేళకు మార్చండి. కారణం అడగకుండా 48 గంటల పొడిగింపు కోర్సు మొత్తంలో రెండుసార్లు ఇవ్వండి. పొడిగింపు కోసం ఉత్తరాలు రాసే భారం, చదివే భారం రెండూ తగ్గుతాయి.

మొదటి వారంలో పది నిమిషాల్లో అయిపోయే ఒక చిన్న పని పెట్టి, మొదటి 48 గంటల్లో చేయమనండి. అది మార్కుల కోసం కాదు, ఎవరు లోపలికి రాలేదో తెలుసుకోవడానికి. నాలుగో రోజున జాబితాను రెండుగా విడదీయండి. అసలు లాగిన్ కానివాళ్లకు సాధారణంగా పాస్‌వర్డో, ఫోనో, ఇంట్లో ఇబ్బందో అడ్డం వస్తుంది. వాళ్లకు కోర్సు లోపలి సందేశం పంపి లాభం లేదు, ఫోన్ చేయాలి. లాగిన్ అయి కూడా ఏమీ సమర్పించనివాళ్లు విషయం దగ్గర ఆగిపోయి ఉంటారు. వాళ్లకు "మీరు వెనకబడ్డారు" అన్న మాట కాకుండా, "రెండో ప్రశ్న దగ్గర ఆగారా? ఈ పేజీ చూసి మళ్లీ ప్రయత్నించండి" అన్న మాట అందాలి. ఇద్దరికీ ఒకే యాంత్రిక సందేశం పంపే పద్ధతి ఇద్దరినీ పోగొడుతుంది. విద్యార్థుల డేటాను విశ్లేషించే సాధనాలు ఎంత పెరిగినా, వాటికి అవతల ఫోన్ తీసి మాట్లాడే మనిషి లేకపోతే రంగురంగుల పట్టికలే మిగులుతాయి.

లైవ్ క్లాసు గురించి క్లుప్తంగా చెబుతాను. కొత్త పాఠం చెప్పడానికి దాన్ని వాడకండి, ఆ పని రికార్డు చేసిన వీడియో చేయగలదు. సందేహాలకు, కలిసి ఒక లెక్క చేయడానికి వాడండి. 45 నిమిషాలు చాలు. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలవుతుంది. పైగా మైకు తెరవడానికి, ధైర్యం చేయడానికి సమయం పడుతుంది. ప్రశ్న అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టండి. తరగతి గదిలో ఆ నిశ్శబ్దం చాలా పొడుగనిపిస్తుంది, ఇక్కడ అది అవసరం.

చిన్న సర్టిఫికెట్లు కూడగట్టుకుని డిగ్రీకి చేరే పద్ధతి వేగంగా పెరుగుతోంది. ఉద్యోగస్తులకు ఇది నిజంగా మేలు, ఎందుకంటే మధ్యలో ఆపినా చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. చిక్కు అతుకుల దగ్గర వస్తుంది. అయిదుగురు విడివిడిగా రాసిన అయిదు కోర్సుల్లో నాలుగింట ఒకే పరిచయ పాఠం ఉంటుంది, వాటిని కలిపే పాఠం ఎందులోనూ ఉండదు. మొదటి కోర్సు రాసే ముందే చివరి ప్రాజెక్టు రాసుకోవాలి. దానికి కావలసిన నైపుణ్యాల్ని ఒక్కొక్క కోర్సుకు పంచి, ఏదీ మిగిలిపోలేదని చూసుకోవాలి.

మూల్యాంకనం దగ్గర నేల కదిలిపోయింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక, ఇంటి దగ్గర రాసి పంపే వ్యాసం ఎవరు రాశారో చెప్పడం కష్టమైంది. యంత్రం రాసినదాన్ని పట్టుకునే సాధనాల మీద ఆశ పెట్టుకోవద్దు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ 2023 జనవరిలో విడుదల చేసిన సొంత గుర్తింపు సాధనం, ఆ సంస్థ పరీక్షలోనే యంత్రం రాసిన రాతల్లో 26 శాతాన్ని మాత్రమే పట్టింది. కచ్చితత్వం తక్కువని జులైలో దాన్ని ఆపేశారు. అదే ఏడాది వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని ఇలాంటి సాధనాలు పొరబడ్డాయి. కష్టపడి రాసిన మనిషిని దొంగ అనడం కన్నా పెద్ద అన్యాయం దూరవిద్యలో లేదు. అవతలి మనిషి ఎదురుగా కూర్చుని తన మాట చెప్పుకోలేడు కూడా.

చేయగలిగినవి ఉన్నాయి. క్విజ్‌ల కోసం 40 ప్రశ్నల నుంచి యాదృచ్ఛికంగా పది తీసే అమరిక వద్దు. ఒకరికి ఒకే అంశం మీద నాలుగు ప్రశ్నలు, ఇంకొకరికి ఆ అంశం మీద ఒక్కటీ రాకపోవచ్చు. పది అంశాలు, ఒక్కో అంశానికి సమాన కష్టమున్న నాలుగు రూపాలు రాసి, ఒక్కో దానినుంచి ఒకటి తీయించండి. ఏ ఇద్దరికైనా సగటున రెండు మూడు ప్రశ్నలే ఒకేలా వస్తాయి, కష్టం మాత్రం అందరికీ ఒకటే. వ్యాసాలకైతే మార్కులను దశలకు పంచండి: ప్రణాళికకు 15, మొదటి ప్రతికి 25, తుది ప్రతికి 30, ఏడు నిమిషాల ముఖాముఖికి 30. ముఖాముఖిలో "మొదటి ప్రతిలో ఉన్న ఈ పేరా ఎందుకు తీసేశారు?", "ఈ అంకె సగమైతే మీ ముగింపు ఏమవుతుంది?" అని అడగండి. తామే రాసినవాళ్లు తడబడుతూనైనా చెబుతారు. 30 మందికి 210 నిమిషాలు, అంటే మూడున్నర గంటలు. రెండు పూటలుగా విడదీసి, అయిదుగురి తర్వాత పది నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. నెట్ తెగిపోయినవాళ్లను ఆ ఖాళీలోకి మార్చవచ్చు, వీడియో రాకపోతే మామూలు ఫోన్ కాల్ మీద అడగవచ్చు.