బారువ నుంచి పాలూరు దాకా: సముద్రం మీద గీతలు

ఆంధ్ర-ఒడిశా తీరంలో మునిగిన పాత పడవలను ఎలా వెతకాలి, వాటిని కాపాడే గీతలు సముద్రంలో ఎక్కడ గీయాలి అని చూస్తూ సాగిన ప్రయాణమిది. సోంపేట దగ్గర జాతీయ రహదారి దిగితే బారువ తీరం. ఇక్కడి నీళ్లలో ‘చిలక’ అనే పాత ఆవిరి ఓడ శిథిలం ఉంది, డైవింగ్ వచ్చినవాళ్లు చూసొస్తుంటారు. ఇనుప ఓడ కాబట్టి, ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాను పట్టే మాగ్నెటోమీటరుకు తేలిగ్గా దొరికే రకం. అయినా దూరం రెట్టింపైతే ఇనుము సంకేతం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే సర్వే గీతల మధ్య 20-30 మీటర్లకు మించి ఎడం ఉంచరు. పరికరాన్ని బోటుకు దాని పొడవుకు రెండు మూడింతల వెనక లాగాలి, లేదంటే మన ఇంజిన్ ఇనుమే లెక్కలోకి వస్తుంది.

ఈ తీరపు పాత మసూలా పడవలతోనే చిక్కు. వాటికి మేకులుండవు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. అలాంటిది మునిగితే మిగిలేవి అడుగున వేసిన బరువు రాళ్లు, రాతి లంగరు, కుండపెంకులు. వీటికి ధ్వని తరంగాలతో రెండు పక్కలా సముద్రపు నేలను చిత్రంగా చూపే సైడ్ స్కాన్ సోనార్ కావాలి. పక్కకు 50 మీటర్లు చూడాలంటే దాన్ని నేలకు 5-10 మీటర్ల ఎత్తున నడపాలి. కెరటం లేస్తే బోటు ఊగి చిత్రమంతా వంకర్లు పోతుంది.

ఇచ్ఛాపురం దాటి బాహుదా నది ముఖం దగ్గరికి వచ్చాం. ఇటు ఆంధ్రలో డొంకూరు, అటు ఒడిశాలో సోనాపూర్. రెండు ఒడ్డుల జాలర్లూ లోతును బారల్లోనే చెబుతారు. వల ఎక్కడ పట్టుకుంటుందో వాళ్లకు కంఠతా వచ్చు. అడగాల్సినవి: ఎన్ని బారల లోతు, ఒడ్డున ఏ చెట్టుకూ ఏ గుడికీ సూటిగా, వలలో ఏం వచ్చింది. ఒకే చోటు గురించి ఇద్దరిని విడివిడిగా అడిగి ఆ తర్వాతే సోనార్ దించాలి. చాలాసార్లు తేలేది మామూలు రాయే. అదీ పటంలోకి ఎక్కాలి, మళ్లీ ఎవరూ అక్కడ డబ్బు పోయకుండా.

సముద్రంలో ఎక్కడ ఏ పనికి చోటో తేల్చే ప్రణాళిక లేని కొరత ఇక్కడే కళ్లకు కడుతుంది. మరబోట్లు ఆంధ్రలో ఒడ్డుకు 8 కిలోమీటర్ల అవతలే వేటాడాలి, ఒడిశాలో చిన్నవాటికి 5 దాటితే చాలు. ఆరో కిలోమీటరులో ఓ పడవ శిథిలం ఉందనుకోండి. సరిహద్దుకు ఇటు దానికి రక్షణ, అటు ట్రాల్ వల, అంటే బోటు నేల వెంట ఈడ్చే వల, దాన్ని విప్పి ఉంచే పలకలు దాని మీదుగానే నేలను దున్నేస్తాయి. సముద్ర వినియోగ ప్రణాళికకు మన దేశంలో నార్వే సహకారంతో తొలి అడుగులు పడింది పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో. రెండు రాష్ట్రాలు కలిసి గీత గీయాల్సిన ఇలాంటి చోటు మరింత కష్టమైన పరీక్ష అని మా అభిప్రాయం.

గోపాల్‌పూర్‌లో రేవు ఉంది, కాబట్టి లంగరు లెక్క వేయాలి. 20 మీటర్ల లోతులో ఆగే ఓడ లోతుకు ఆరింతలు, అంటే 120 మీటర్ల గొలుసు వదిలిందనుకుందాం. 200 మీటర్ల ఓడ ఆ గొలుసు చివర గాలికి తిరుగుతుంది. 300 మీటర్ల పైచిలుకు వ్యాసార్థంలో ఏదీ భద్రం కాదు. నేల మీది రక్షిత పురాతన కట్టడాలకు చట్టం పెట్టిన 100 మీటర్ల నిషేధ హద్దును ఇక్కడ అరువు తెచ్చుకుంటే చాలదు. పైగా ఈ తీరంలో ఇసుక ఏటికేడు ఉత్తరానికే కదులుతుంది. అడ్డుగా రాతికట్ట వేస్తే దానికి ఉత్తరాన ఇసుక తరిగి, కప్పబడి ఉన్న చెక్క బయటపడుతుంది. తర్వాత దాన్ని తొలిచే పురుగుదే రాజ్యం.

ఋషికుల్య నది ముఖం దగ్గర మాత్రం గీత ముందే ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు ట్రాలింగ్ కుదరదు. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కూడా ఉంది. అంటే అడుగున ఉన్న వారసత్వానికి అసలు గండం జూన్ 15 నుంచి అక్టోబరు ఆఖరు వరకు. కొత్త చట్టం కోసం కూర్చోకుండా, శిథిలం తేలిన చోట ఆ నాలుగున్నర నెలలు కూడా ట్రాలింగ్ ఆపితే సరిపోతుంది. నీళ్లలో నిలువుగా వేలాడే వల వేసే గిల్‌నెట్ పడవలను ఆపక్కర్లేదు. అందరినీ ఆపే గీతను ఎవరూ ఖాతరు చేయరు.

అచ్చువేసే పటంలో కచ్చితమైన స్థానం చూపకూడదు, దొంగలకు దారి చూపినట్టవుతుంది. రెండు కిలోమీటర్ల చదరం గీసి శిథిలాన్ని అందులో ఓ మూలకు పడేట్టు ఉంచాలి. అసలు అక్షాంశ రేఖాంశాలు పురావస్తు శాఖ, కోస్ట్ గార్డ్ దగ్గరే ఉండాలి. 2001 నాటి యునెస్కో ఒప్పందం నూరేళ్లు నీటి కింద ఉన్నవాటిని వారసత్వం అంటుంది, వీలైనంత వరకు ఉన్నచోటే ఉంచమంటుంది. మన దేశం ఇంకా అందులో చేరలేదు.

పాలూరు చివరి మజిలీ. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టోలెమీ చెప్పిన ‘పలూర’ ఇదేనని చాలామంది పండితుల మాట. అలనాటి తీరం ఇప్పుడు నీటి కింద కాక చిలక సరస్సు పక్క ఇసుక కింద ఉండే అవకాశమే ఎక్కువ. సముద్రపు గీత నేల మీదికీ రావాలి. మొదటి పని సోనార్ కాదు, గొట్టాలు దించి మట్టి పొరలు తీయడం.