బొబ్బిలి, చందుర్తి, పద్మనాభం: ఒకే కథలో మూడు యుద్ధభూములు

నాన్నగారిని, పిల్లలను వెంటబెట్టుకుని కారులో, ఒకప్పుడు ఉత్తర సర్కారులని పిలిచిన కోస్తా సీమలోని యుద్ధభూములు చూడడానికి బయలుదేరినప్పుడు, దారి చుట్టు తిరిగినా సరే, యుద్ధాలు జరిగిన వరుసలోనే చూడాలని పట్టుబట్టాను. ముందు బొబ్బిలి, తరువాత పిఠాపురం దగ్గరి చందుర్తి, అక్కడి నుంచి మళ్లీ ఉత్తరానికి మళ్లి పద్మనాభం. ఈ మూడు యుద్ధాలూ 37 ఏళ్లలో జరిగాయి. మూడింటిలోనూ విజయనగరం సంస్థానం పాత్ర ఉంది.

బొబ్బిలి గురించి పిల్లలకు చెప్పే పని నాన్నగారే తీసుకున్నారు. బుర్రకథల్లో విన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి పౌరుషంతో ఆయన మొదలుపెడితే, 1757 జనవరి 24న కోట మీదికి ఫిరంగులు తెచ్చినది ఫ్రెంచి సేనాని బుస్సీ అనీ, ఆయన పక్షాన నిలిచినది విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు అనీ నేను కలిపాను. కోటలోని స్త్రీలు, పసిపిల్లల మరణం దగ్గరికి వచ్చేసరికి నాన్నగారి గొంతు తడబడింది. ఆ భాగం పిల్లలకు దాచకూడదని నా అభిప్రాయం.

చందుర్తిలో కనిపించేవి పొలాలే. అయినా నాకు అన్నిటికంటే ఎక్కువ విషయం దొరికినది అక్కడే. పాపారాయుడి చేతిలో విజయరామరాజు హతుడైన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారిని పిలిపించాడు. 1758 డిసెంబరులో ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు దళంలోని ఐరోపా సైనికులు ఏపుగా ఎదిగిన పైరు మాటున ఉండగా, ఎర్ర కోట్లు తొడిగిన అదే దళంలోని భారతీయ సిపాయిలను చూసి వారే ఐరోపావారని భ్రమించిన ఫ్రెంచి సేన అటువైపు విరుచుకుపడి, పక్క నుంచి దెబ్బ తిన్నది. మరుసటి ఏడు మచిలీపట్నం కూడా పోవడంతో ఈ సీమలో ఫ్రెంచివారి ప్రాబల్యం ముగిసింది. పొలం గట్టు మీద నిలబడి చూస్తే, ఆ పొరపాటు ఎలా జరిగి ఉంటుందో పిల్లలకు వేరే వివరించనక్కరలేకపోయింది.

పద్మనాభం కొండ దిగువన మా అమ్మాయి, "విజయనగరం వాళ్లు ఇంగ్లీషువాళ్ల స్నేహితులే కదా?" అని అడిగింది. స్నేహితులే. కానీ పేష్కషు (కప్పం) బకాయిల పేరుతో కుంఫిణీ, అంటే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ, సంస్థానాన్ని స్వాధీనం చేసుకుని, అప్పటి విజయనగరం ప్రభువు చిన విజయరామరాజును నెలసరి భరణం మీద మచిలీపట్నం వెళ్లి ఉండమన్నది. ఆయన వెళ్లకుండా ఇక్కడ విడిది చేసి, 1794 జూలై 10న తన అనుచరులతో కలిసి పోరాడి మరణించాడు. ఆ తరువాత ఆయన కుమారుడు నారాయణబాబుకు సంస్థానంలో కొంత భాగమే తిరిగి దక్కింది.